నలభై ఏళ్ల తర్వాత వచ్చిన, స్వీడన్ పాప్ బృందం ‘అబ్బా’ (ABBA) ఆల్బమ్ ఎలా వినాలంటే

ముందురోజు వాళ్ల 1981 నాటి ఆల్బమ్ ‘ద విజిటర్స్’ వినండి. పాత హిట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటితో పోల్చడం మొదలెడితే 2021లో వచ్చిన ఈ ‘వాయేజ్’ చెవికెక్కదు.

మన వైజాగ్‌లో ఏ పాటైనా బీచ్ రోడ్డులో నడుస్తూ వినడం అలవాటు కదా, దీనికి ఆ పని చేయకండి. ఆర్కే బీచ్ అలల హోరులో బృందంలోని బెన్నీ వాయించే పియానో సగం మునిగిపోతుంది. రాత్రి ఇంట్లో ఫ్యాన్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వరస మార్చకుండా వినండి. పది పాటలే, నలభై నిమిషాలు కూడా పట్టదు.

ఆల్బమ్ వచ్చేనాటికి బృందంలోని గాయనులు అగ్నెతా, ఫ్రిడా ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. గొంతులు కాస్త కిందికి దిగాయి, బరువెక్కాయి. నాకు ఆ బరువంటే ప్రాణం. మూడోది క్రిస్మస్ పాట. ఒకసారి విని, డిసెంబరుకి దాచుకోండి.

అసలు చెవి పెట్టాల్సింది ఐదో పాట దగ్గర. అందులో వాయిద్యాలు కొత్తవి, గొంతులు మాత్రం 1978లో రికార్డ్ చేసినవి. అది అయ్యాక ఆపకుండా ఆరోది రానివ్వండి. అదే అగ్నెతా, ఇప్పటి గొంతుతో, నింపాదిగా పాడుతుంది. ఈ రెండూ వెంటవెంటనే ఇంకోసారి వినండి. ఆ తర్వాతే మిగతా నాలుగూ.