పాత ట్రక్కులో ఇంజిన్ బెల్ట్ పుల్లీ అరిగితే మార్చుకునే పద్ధతి

బానెట్ కింద కీచుమని శబ్దం మొదలవగానే చాలామంది ముందు కొత్త బెల్ట్ కొనేస్తారు. అది వేశాక కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే గోల, ఎందుకంటే తప్పు బెల్ట్‌ది కాదు, బెల్ట్ తిరిగే దారిలో ఉన్న ఏదో ఒక పుల్లీ బేరింగ్‌ది. ఎక్కువసార్లు దొరికేది ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌కి దారి చూపే ఉత్త చక్రం), లేదంటే టెన్షనర్ పుల్లీ (స్ప్రింగ్ బలంతో బెల్ట్‌ని బిగువుగా ఉంచే చక్రం). ఇవి ఇంజిన్ షాఫ్టుకే ఉండి బెల్ట్‌ని తిప్పే క్రాంక్ పుల్లీ కంటే చాలా చిన్నవి కాబట్టి ఇంజిన్ కంటే ఎక్కువ వేగంతో తిరుగుతుంటాయి, పైగా వేడి, దుమ్ము, నీళ్లు అన్నీ వాటి మీదే. ఏళ్లు గడిచేసరికి లోపలి గ్రీజు ఎండిపోతుంది.

కాబట్టి ముందు దొంగ ఎవరో తేల్చుకోండి. ఇంజిన్ నడుస్తుండగా బెల్ట్ గాడుల వైపు కొంచెం నీళ్లు చిలకరించండి, చేతులు దూరంగా పెట్టుకుని. శబ్దం కాసేపు ఆగితే పుల్లీలు ఒకే వరసలో లేవని అనుమానించాలి, ఇంకా పెరిగితే బెల్ట్ జారుతోంది, టెన్షన్ చాలట్లేదు. నీళ్లకి ఏ తేడా రాకుండా గరగరమని ఒకే తీరుగా వస్తుంటే మాత్రం బేరింగ్ మీదకే వెళ్లండి. బెల్ట్ మీద స్ప్రేలు కొట్టడం మాత్రం వద్దు, శబ్దం దాక్కుంటుంది తప్ప రోగం పోదు, బెల్ట్ కూడా పాడవుతుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. బెల్ట్ ఏ పుల్లీ మీంచి ఎటు వెళ్తోందో బానెట్ కింద స్టిక్కర్ ఉంటే సరే, పాత బండికి అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, ఫోన్‌తో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. ఈ ఒక్క పని చేయకపోతే తర్వాత అరగంట తల గోక్కోవాలి.

టెన్షనర్ చేతిలో, అంటే దాని పుల్లీని పట్టి ఉంచే కడ్డీలో, చాలా బళ్లకి చదరపు రంధ్రం ఉంటుంది, అందులో పొడవాటి రాడ్ పెట్టి తిప్పితే బెల్ట్ వదులవుతుంది. కొన్నిటికి రంధ్రం ఉండదు, పుల్లీ మధ్య బోల్టుకే పానా వేసి తిప్పాలి. స్ప్రింగ్ గట్టిది, రాడ్ జారితే వేళ్లు నలుగుతాయి, అందుకే నెమ్మదిగా వదలండి. ఇంకా పాత ట్రక్కుల్లో వి-బెల్ట్ (V ఆకారపు సన్న బెల్ట్) ఉంటే సాధారణంగా టెన్షనరే ఉండదు, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) బోల్టులు వదులు చేసి దాన్ని లోపలికి నెట్టాలి.

బెల్ట్ తీశాక ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. మంచి పుల్లీ ఎంతసేపూ ఆగకుండా గిర్రున తిరగాలి అనుకుంటారు, కానీ గ్రీజు సరిగ్గా ఉన్న సీల్డ్ బేరింగ్ కాస్త బరువుగా తిరిగి త్వరగా ఆగిపోతుంది. తోస్తే ఆగకుండా తిరుగుతూ, డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు శబ్దం చేసేదే పోయింది. అంచులు పట్టుకుని ఊపండి, ప్లే ఉంటే, అంటే వదులుగా కదిలితే, ఇక ఆలోచించక్కర్లేదు. పనిలో పనిగా ఆల్టర్నేటర్, వాటర్ పంప్ పుల్లీలు కూడా ఊపి చూడండి, టెన్షనర్ చేతిని కదిపి మధ్యలో పట్టేస్తోందేమో గమనించండి. అలా పట్టేస్తుంటే, లేదా చెయ్యి పక్కకి ఒరిగి ఉంటే, పుల్లీ ఒక్కటే మార్చి లాభం లేదు, టెన్షనర్ మొత్తం మార్చాల్సిందే.

పుల్లీని పట్టి ఉంచేది ఒకే బోల్టు. కొన్ని టెన్షనర్లలో దానికి ఎడమ మర (మామూలుకి ఎదురు వైపు తిప్పితే ఊడేది) ఉంటుంది, మామూలు వైపు బలంగా తిప్పితే ఇంకా బిగిసి చివరికి తెగుతుంది, కాబట్టి కొంచెం బలానికి రాకపోతే ఆగి మాన్యువల్ చూడండి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు వదిలేయండి. బోల్టు వచ్చాక దాని వెనక స్పేసరు (దూరం సరిచేసే రింగు), ముందు డస్ట్ కవరు ఉండొచ్చు, ఏది ఎటు తిరిగి ఉందో అదే వరసలో గుడ్డ మీద పెట్టుకోండి.

కొత్త పుల్లీని పాతదాని పక్కన పెట్టి పోల్చండి: వ్యాసం, వెడల్పు, గాడులున్నదా నున్నదా, బేరింగ్ ఏ వైపుకి లోతుగా కూర్చుంది. ఈ చివరిది చాలామంది చూడరు, పుల్లీ తిరగేసి బిగిస్తే బెల్ట్ వరస తప్పుతుంది. ఇనుప పుల్లీ అయితే బేరింగ్ మాత్రమే మార్చే వీలు కొన్నిటికి ఉంటుంది. చాలావాటిలో 6203 బేరింగే ఉంటుంది, అంటే లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు, రెండు వైపులా రబ్బరు సీలున్నది తీసుకోవాలి. ప్లాస్టిక్ పుల్లీకి ఆ శ్రమ దండగ, మొత్తం మార్చేయడమే నయం.

బోల్టును ముందు వేళ్లతోనే కొన్ని చుట్లు ఎక్కించండి, వెనక అల్యూమినియం బ్రాకెట్ ఉంటే మర అడ్డంగా ఎక్కి పాడవడం క్షణాల పని, అందుకే ఇంపాక్ట్ గన్ (బోల్టులు బిగించే మెషిన్) జోలికి పోకండి. మర మందం (తల కొలత కాదు) 10 మిల్లీమీటర్లున్న బోల్టుకి సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, అయితే మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

బెల్ట్ ఎక్కించేటప్పుడు గాడులున్న పుల్లీలన్నీ ముందు పూర్తిచేసి, నున్నటి పుల్లీని చివరికి ఉంచుకుంటే సులువు, అంచు అడ్డు లేకపోతే బెల్ట్ పక్కనుంచి జారి ఎక్కుతుంది. తర్వాత టార్చి వేసి, కింద కనపడని పుల్లీల దగ్గర వేలు పెట్టి, ఒక గాడి అటో ఇటో తప్పిందేమో చూడండి. తప్పితే బెల్ట్ త్వరలోనే చిరుగుతుంది.

బ్యాటరీ కలిపి, పనిముట్లన్నీ బయటికి తీశాకే స్టార్ట్ చేయండి, బెల్ట్‌కి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. బెల్ట్ ఊగకుండా పుల్లీ మధ్యలోనే నడవాలి. శబ్దం ఇంకా ఉంటే ఏసీ వేసి, ఆపి చూడండి. తేడా వస్తే కంప్రెసర్ వైపు వెతకాలి, రాకపోతే ఆల్టర్నేటర్ బేరింగ్ దగ్గర పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి పిడి దగ్గర చెవి పెట్టి వినండి.