కవిత చదవడం నేర్చుకుందాం – 3: ఈకలున్న ఆశ

గత భాగంలో ఉపమకీ రూపకానికీ తేడా చూశాం. "ముఖం చంద్రుడిలా ఉంది" అంటే ఉపమ, "ముఖమే చంద్రుడు" అంటే రూపకం. ఈసారి ఒక్క రూపకం మీద కవితంతా ఎలా నిలబడుతుందో చూద్దాం.

కవిత ఎమిలీ డికిన్‌సన్‌ది, "ఆశ అంటే ఈకలున్నదేదో" అని మొదలవుతుంది. అమెరికాలోని యామ్‌హెర్స్ట్‌లో 1830లో పుట్టి, 1886లో అక్కడే కన్నుమూసింది. దాదాపు 1,800 కవితలు రాస్తే, బతికుండగా అచ్చయినవి చాలా కొద్ది. 1861 ప్రాంతంలో రాసిన ఈ పన్నెండు పాదాలు 1891లో గానీ వెలుగు చూడలేదు.

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో డిగ్రీ పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలు "కవయిత్రి ఆశను పక్షితో పోల్చింది" అని బట్టీ పట్టి పేజీ తిప్పేస్తారు. అది తప్పేం కాదు. కానీ అక్కడే ఆగితే కవిత చేతికి చిక్కదు. పోలిక దొరికాక పెన్సిల్ తీసుకుని క్రియల కింద గీతలు గీయండి. ఆ పిట్ట ఏమేం చేస్తోంది?

మొదటి పాదంలో అసలు పిట్టే లేదు, "ఈకలున్నదేదో" ఉంది. పిట్ట అనే మాట ఏడో పాదం దాకా రాదు. అది మనసులో వాలుతుంది, మాటల్లేని రాగం పాడుతుంది, ఆపనే ఆపదు. మాటలెందుకు లేవు? "ఏదో ఒకటి అయితది తియ్" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. దాని వెనక లెక్కా పత్రం ఏమీ ఉండవు, అయినా గుండె కుదుటపడుతుంది. ఆశ పాడే రాగం అలాంటిదే.

రెండో చరణంలో ఈదురుగాలి మొదలవుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కుప్పలు పోసి ఉండగా గాలిదుమారం లేస్తే రైతులు టార్పాలిన్ల కోసం ఎలా ఉరుకుతారో తలుచుకుని చదవండి. పాట అన్నిటికంటే తియ్యగా వినిపించేది అప్పుడేనంటుంది డికిన్‌సన్. ఎందరికో వెచ్చదనమిచ్చిన ఆ చిన్న పిట్టను చిన్నబుచ్చాలంటే తుఫాను ఎంత దారుణమైనదై ఉండాలి అనీ అంటుంది. అసాధ్యం అనలేదు, గమనించండి. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. మొదటి పాదంలోని ఈకలు ఎందుకున్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. వెచ్చదనం వాటిదే.

మూడో చరణంలో తొలిసారి "నేను" వస్తుంది. గడ్డకట్టే నేల మీదా, ఎన్నడూ ఎరగని సముద్రం మీదా ఆ పాట విన్నానంటుంది. ఎంత కష్టకాలంలోనూ అది తనను ఒక్క రొట్టె తునక కూడా అడగలేదట. గీతలన్నిటిలో దీని కింద గీసేది లావుగా ఉండాలి. అడగకపోవడం కూడా ఒక పనే.

ఇక మీ వంతు. ఆశ బదులు భయాన్ని తీసుకోండి. మీ ఊళ్లో కనిపించే ఒక ప్రాణిగా దాన్ని ఊహించి, పేరు చెప్పకుండా అది చేసే నాలుగు పనులు రాయండి. అయిదో పాదంలో పేరు పెట్టండి. భయానికి అతకని క్రియ ఏదైనా ఉంటే కొట్టేయండి. వచ్చే భాగంలో ఈ కవితలోని అడ్డగీతల (డాష్‌ల) సంగతి చూద్దాం.