ప్రొపెల్లర్ కొనే ముందు లైవ్‌వెల్ నింపండి

బాస్ బోటుకి (బాస్ చేపలు పట్టే స్పీడు బోటు) కొత్త ప్రొపెల్లర్ కొనాలనుకుంటే, ముందు పూర్తి బరువుతో నడిపి చూడండి. ఫుల్ ట్యాంకు, ఇద్దరు మనుషులు, సామాను, లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే తొట్టి) నిండా నీళ్లు. 30 గ్యాలన్ల నీళ్లే దాదాపు 250 పౌండ్లు! ఖాళీ బోటు స్పీడు చూసి మురిసిపోతే లాభం లేదు.

జాక్ ప్లేట్ (మోటారును పైకీ కిందికీ జరిపే బిగింపు) ఉంటే మోటారును పావు అంగుళం చొప్పున లేపుతూ వెళ్లండి, కళ్లు మాత్రం ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ఒత్తిడి చూపే వాటర్ ప్రెషర్ గేజ్ మీదే. ముల్లు పడిపోయినా, మలుపులో ప్రొపెల్లర్ పట్టు తప్పి ఇంజిన్ ఒక్కసారిగా అరిచినా కిందికి దించేయండి.

ఆ తర్వాతే ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం చూడాలి. మాన్యువల్ చెప్పిన రేంజిలో పైకొసకు దగ్గరగా రాకపోతే పిచ్ (ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు లెక్కప్రకారం ముందుకు వెళ్లే దూరం, అంగుళాల్లో) తక్కువున్న ప్రొపెల్లర్ చూడండి. పిచ్ తగ్గే ప్రతి అంగుళానికి సుమారు 150–200 ఆర్‌పీఎం పెరుగుతుంది. లిమిటర్ (ఇంజిన్ ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) తగులుతుంటే పిచ్ పెంచండి. కిల్ స్విచ్ (నడిపే మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేసేది) తాడు ఒంటికి తగిలించుకోకుండా మాత్రం ఈ టెస్టు వద్దు.