బోర్డర్ కోలీకి కుదురు నేర్పడం ఎలా?

బోర్డర్ కోలీ ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల్ని కాయడానికి తరతరాలుగా ఏరి పెంచిన కుక్క జాతి. కాపరి ఎంతో దూరం నుంచి ఈల వేస్తే చాలు, మందనంతా చుట్టేసి ఆయన దగ్గరికి తోలుకొస్తుంది. అలాంటి కుక్కని రోజంతా ఖాళీగా ఉంచితే తన పని తనే వెతుక్కుంటుంది. సోఫా చించుతుంది, బండ్ల వెంట పడుతుంది, పరిగెత్తే పిల్లల మడమలు కొరుకుతుంది. చాలామంది ఇంకాస్త పరిగెత్తిస్తే సరిపోతుంది అనుకుంటారు కానీ, దాంతో పెరిగేది స్టామినానే, ఇంటికొచ్చి కాసేపటికే మళ్ళీ బంతి నోట కరుచుకుని మీ ముందు నిలబడుతుంది.

అందుకే ముందు పడుకోవడం నేర్పండి. ఒక చాప పరవండి. కుక్క దాని మీద కాలు పెట్టగానే చిన్న ట్రీట్ ముక్క దాని ముందుకాళ్ళ మధ్య, చాప మీదే పెట్టండి. చేత్తో తినిపిస్తే చాపని వదిలేసి మీ చేతినే చూస్తూ కూర్చుంటుంది. నడుం ఒక పక్కకి వాల్చిందా, ఇంకో ముక్క. గడ్డం నేలకి ఆనించిందా, ఇంకోటి, మెల్లగా, ఏమీ మాట్లాడకుండా. "గుడ్ బాయ్!" అని ఉత్సాహంగా అరిస్తే మళ్ళీ లేచి కూర్చుంటుంది. రోజూ కొద్ది నిమిషాలు చాలు.

రెండోది బుర్రకి పని. గిన్నెలో తిండి పెట్టడం తగ్గించి, పాత టవల్‌లో చుట్టో, గది మూలల్లో దాచో వాసన పట్టి వెతుక్కోనివ్వండి. బొమ్మలకి పేర్లు పెట్టి ఒక్కోటి తెమ్మని అడగండి. మొదటి పేరు గట్టిగా పట్టుబడ్డాకే రెండోది మొదలుపెట్టాలి. చేజర్ అనే బోర్డర్ కోలీ ఇలా 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని 2011లో పరిశోధన పత్రమే వచ్చింది. మీ కుక్కకి పది వచ్చినా గొప్పే.

వ్యాయామం మానొద్దు, కాకపోతే గంటలకొద్దీ బంతి విసరడం వద్దు. అలసట వచ్చినా ఈ కుక్క తనంతట తాను ఆగదు, ముఖ్యంగా ఎండలో ఆట ఆపాల్సింది మీరే. లేజర్ లైటు అసలు వాడకండి, దొరకని వెలుగు వెంట పడీ పడీ చివరికి గోడ మీద నీడల్ని కూడా వదలకుండా వెంటాడే పిచ్చి పట్టొచ్చు. ఎముకలు ఇంకా ముదరని కుక్కపిల్లల్ని ఎత్తు నుంచి దూకించొద్దు.

ఇక వెంటపడే అలవాటు. పరుగు మొదలయ్యాక అరిచినా దాని చెవికెక్కదు. అంతకు ముందే తల దించి, ఒళ్ళు బిగబట్టి, రెప్ప వేయకుండా చూస్తుంది చూడండి, పిలవాల్సింది ఆ క్షణంలోనే. మీ వైపు తిరిగితే మంచి ట్రీట్ ఇచ్చి ఇంకో దిక్కుకి నడిపించండి. రోడ్డు పక్కన మాత్రం ఎంత బాగా మాట వినే కుక్కయినా లీష్ తీయొద్దు.

ఆరు నెలలు దాటాక నేర్పినవన్నీ మర్చిపోయినట్టు ప్రవర్తించే రోజులు వస్తాయి, అది ఆ వయసు తీరు. తిట్టకుండా మళ్ళీ చాప దగ్గర్నుంచి మొదలుపెట్టండి. పెద్దయ్యాక ఉన్నట్టుండి కుదురు తప్పితే మాత్రం శిక్షణ పెంచే ముందు వెట్‌కి చూపించండి, నొప్పి ఉన్నా కుక్కలు అలాగే చేస్తాయి.