జారిపడిన కేసు క్లెయిమ్ తిరిగొచ్చిందా? ముందు నోటు చూడండి

అమెరికా ఆసుపత్రుల చార్టులు (పేషెంట్ రికార్డులు) చదివి, ఇన్సూరెన్స్‌కి పంపే బిల్లు, అంటే క్లెయిమ్ కోసం కోడ్లు వేసేవాళ్లకు జారిపడిన కేసు చాలా తేలిక అనిపిస్తుంది. క్లెయిమ్ తిరిగొచ్చాక మనం కోడ్ల జాబితాలో వెతుకుతాం, లోటేమో డాక్టర్ నోటులో ఉంటుంది. ఇక్కడ చెప్పేవన్నీ ఐసీడీ-10-సీఎం కోడ్లే, అంటే అక్కడ జబ్బులకీ గాయాలకీ వాటి కారణాలకీ వాడేవి.

సమస్య: కోడ్ చెల్లదని వెంటనే రిజెక్ట్ అయింది.
కారణం: ఏడు స్థానాలు నిండలేదు. జారి లేదా కాలు తట్టుకుని ఉన్న మట్టం మీదే పడి, దేనికీ గుద్దుకోకపోతే డబ్ల్యూ01.0. అక్కడితో ఆపితే చెల్లదు.
పరిష్కారం: ఖాళీ స్థానాల్లో రెండు ఎక్స్‌లు, చివర సెవెంత్ క్యారెక్టర్ (చికిత్స ఏ దశలో ఉందో చెప్పే ఏడో అక్షరం). అంటే డబ్ల్యూ01.0ఎక్స్‌ఎక్స్‌ఏ. పడిన తీరు చెప్పే ఈ కోడ్ ఎప్పుడూ మొదటి డయాగ్నసిస్ కాదు. గాయం కోడ్ ముందుండాలి.

సమస్య: రెండో విజిట్‌కి సెవెంత్ క్యారెక్టర్‌గా ‘డీ’ వేశారు, ఆడిట్‌లో తప్పన్నారు.
కారణం: ‘ఏ’ అంటే మొదటి విజిట్ అనుకోవడం. కొత్తవాళ్లందరూ ఇక్కడే పొరబడతారు, నేనూ పడ్డాను. ‘ఏ’ చెప్పేది చికిత్స ఇంకా చురుగ్గా నడుస్తోందని. మణికట్టు విరిగిన పేషెంట్‌కి ఎమర్జెన్సీలో స్ప్లింట్ వేశారు, తర్వాత ఆర్థోపెడిక్ డాక్టర్ చూసి చికిత్స కొనసాగించారు. రెండు చోట్లా ‘ఏ’నే. ఎముక మామూలుగా అతుక్కుంటూ కట్టు విప్పడానికి వస్తే అప్పుడు ‘డీ’.
పరిష్కారం: తేదీలు లెక్కపెట్టకండి, ఆ రోజు ఏం చేశారో చదవండి. పడిన తీరు కోడ్‌కీ గాయం కోడ్‌కి వేసిన అక్షరమే వేయండి.

సమస్య: ప్రతి చార్టుకీ డబ్ల్యూ19 పడుతోంది.
కారణం: నోటులో ‘పడిపోయారు’ అన్న ఒక్క మాటే ఉంది. ఎలా పడ్డారో తెలియనప్పుడు వేసే కోడ్ అది.
పరిష్కారం: నర్సు ట్రయాజ్ నోటు (పేషెంట్ రాగానే రాసేది), అంబులెన్స్ రికార్డు చదవండి. మంచు మీద జారితే డబ్ల్యూ00, మెట్ల మీద పడితే డబ్ల్యూ10, జారినా కిందపడకుండా నిలదొక్కుకుంటే డబ్ల్యూ18.4. పడిన చోటుకి వై92 కోడ్ మొదటి విజిట్‌లో ఒక్కసారే వేస్తాం.

సమస్య: తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు ఎస్72 (తొడ ఎముక గాయంతో విరిగిందని చెప్పే కోడ్) వేశారు, వెనక్కొచ్చింది.
నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కారణం: ఆవిడకు ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉందని పాత జబ్బుల జాబితాలో ఉంది, ఎవరూ చూడలేదు. ఆరోగ్యంగా ఉన్న ఎముక మామూలుగా విరగనంత చిన్న పాటుకే విరిగితే గాయం కోడ్ కాదు, ఆస్టియోపోరోసిస్ వల్ల ఎముక విరిగిందని చెప్పే ఎం80 వేయాలి. ఎస్72 వేస్తే ఆవిడ ఎముకలు గుల్లబారిన సంగతి ఆ క్లెయిమ్‌లో ఎక్కడా కనిపించదు.
పరిష్కారం: నోటు స్పష్టంగా లేకపోతే ప్రొవైడర్‌కి (చికిత్స చేసిన డాక్టర్‌కి) క్వెరీ, అంటే రాతపూర్వకంగా ప్రశ్న పంపండి. ‘ఇది ఆస్టియోపోరోసిస్ వల్లే కదా?’ అని మాత్రం అడగకండి, అది జవాబు మనమే అందించినట్టు. ‘ఈ ఫ్రాక్చర్‌కి కారణం ఏమిటో దయచేసి రాయండి’ అని అడిగి, వాళ్లు రాసిందే కోడ్ చేయండి. జవాబు వచ్చేవరకు ఆ చార్టు పెండింగ్‌లోనే ఉండనివ్వండి.