పిల్లలున్న ఇంటికి కుక్కపిల్ల: ముందు మీ చిన్నోడి వయసు చెప్పండి

నేను పనిచేసేది హనుమకొండలో ఒక పెట్ క్లినిక్‌లో, డాక్టరమ్మ పక్కన. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో ఎవరికి కుక్క మీద మనసైనా ఫోన్ నాకే వస్తుంది. "అక్కా, పిల్లలు కుక్క కావాల్నని ఒకటే లొల్లి. చిన్నది, ముద్దుగ ఉండేది ఏదన్న చెప్పరాదు" అంటారు. పగ్గో పమేరియనో అని ఒక పేరు చెప్పేయడం సులువే. కానీ నేను ముందు అడిగేది ఒక్కటే: మీ ఇంట్లో అందరికంటే చిన్నోడికి ఎన్నేళ్లు?

చిన్న కుక్క అయితే పిల్లలకు ఏ ప్రమాదమూ ఉండదని చాలామంది నమ్మకం. కుక్క ఎంత చిన్నదైతే పిల్లల చేతిలో దానికి అంత ప్రమాదం. నొప్పి పుట్టిన కుక్క ఎంత చిన్నదైనా కరుస్తుంది. చివావానే తీసుకోండి. పెద్దదయ్యాక కూడా మామూలుగా మూడు కిలోలు దాటదు. దాని పిల్లకు ముందుకాలి ఎముక పెన్సిల్ అంత మందం కూడా ఉండదు. నాలుగేళ్ల బాబు దాన్ని చంకలో ఇరికించుకుని దివాన్ ఎక్కుతాడు. అది గింజుకుంటుంది, జారి గచ్చు మీద పడుతుంది. మా దగ్గరికి ఎక్స్‌రేకు వచ్చే బుజ్జి కుక్కల్లో ఇలా ముందుకాలు విరిగినవి తరచూ ఉంటాయి. ఈ జాతుల్లో ఆ ఎముకకు రక్తప్రసరణ తక్కువ. కట్టుతో సరిగ్గా అతకదు, చాలాసార్లు ఆపరేషన్ చేసి ప్లేటు వేయాల్సి వస్తుంది. కాలు బాగయ్యాక కూడా ఆ బాబు గదిలోకి వస్తే చాలు, కుక్క మంచం కిందికి దూరుతుంది. వాడు చెయ్యి పెడితే పళ్లు చూపిస్తుంది. ఇంట్లోవాళ్లేమో కుక్కకు పొగరెక్కిందని తిడతారు.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే కుక్కపిల్లను తేవద్దని చెబుతాను. కుక్కపిల్లకు మూడో నెల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. ఆ దురదకు చెప్పులు, వైర్లు, పిల్లల చేతులు అన్నీ కొరుకుతుంది. ఇంకా పాకే పాపను, కొరికే కుక్కపిల్లను ఒకే గదిలో ఒక్క తల్లి చూసుకోలేదు. ఆ ఇంటికి రెండు మూడేళ్లు నిండిన, నెమ్మది తెలిసిన కుక్క నయం. లేదంటే ఇంకో రెండేళ్లు ఆగడం నయం. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలుంటే ఐదారు కిలోలకు తగ్గని, గట్టి ఒళ్లున్న కుక్కను చూడండి. ఏడెనిమిదేళ్లు వచ్చిన పిల్లలు చెప్పిన మాట వింటారు, గిన్నెలో నీళ్లు మార్చడం లాంటి పని కూడా చేస్తారు. వాళ్లకు పెద్దగా షరతులు అక్కర్లేదు.

పెద్ద కుక్కను ఎక్కడ తెస్తామని అడుగుతారు. మన దగ్గర కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తూనో, హైదరాబాద్ ఫ్లాట్‌కు మారుతూనో కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామని చూసేవాళ్లు చాలామందే. నక్కలగుట్ట, సుబేదారి వైపు క్లినిక్‌లలో ఒక మాట చెప్పి పెడితే కబురు వస్తుంది. ఎందుకు ఇచ్చేస్తున్నారో మాత్రం నిలదీసి అడగండి. ఆ ఇంట్లో పిల్లలున్నారా, అది ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా, ఇంజెక్షన్ల పుస్తకం ఉందా? మీ పిల్లలను వెంట తీసుకుని కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లి చూడండి. పిల్లల అరుపులకు ఆ కుక్క తోక ఊపుతూ వస్తుందా, మూలకు పోతుందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

వయసు తర్వాత నేను చూసేది మన ఎండ. వరంగల్‌లో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికి చల్లబడే దారి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఆ దారే ఇరుకు. పగ్ ఓపికలో బంగారం, పిల్లలు ఎంత పీకినా తొందరపడి కోప్పడదు, ఆ గుణం కోసమే జనం దాన్ని తెచ్చుకుంటారు. కానీ పై అంతస్తులో రేకుల కింద, మధ్యాహ్నం కరెంటు పోయే ఇంట్లో దాన్ని పెంచడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఎండదెబ్బ తగిలి నాలుక నీలంగా మారిన పగ్‌ను ఒడిలో పెట్టుకుని ఆటోలో వచ్చేవాళ్లను ప్రతి వేసవిలో చూస్తున్నాం, అన్నీ బతకడం లేదు. కూలరో ఏసీయో రోజంతా నడిచే ఇల్లయితేనే పగ్ మాట ఎత్తండి. నడకకు పొద్దున ఆరులోపే, రాత్రి రోడ్డు చల్లారాకే తీసుకెళ్లాలి. రోడ్డు మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి. మీరు ఐదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

మనం పమేరియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్క నిజానికి చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ఎన్నో ఏళ్లుగా మన వాతావరణానికి అలవాటుపడ్డ జాతి. ముక్కు కోటేరులా ఉంటుంది కాబట్టి ఊపిరి ఇబ్బంది లేదు. చిన్న రకం ఐదు నుంచి ఏడు కిలోలు తూగుతుంది, మనం పెట్టే పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, కాస్త చికెన్ తిని హాయిగా ఉంటుంది. ఐదేళ్లు దాటిన పిల్లలున్న మామూలు మధ్యతరగతి ఇంటికి నేను ముందు చెప్పేది దీన్నే. అరుపు ఎక్కువ, ఆ మాట దాచను. కిందింట్లో ఓనర్ ఉంటే ముందే అడిగి ఒప్పించుకోండి. ఎండాకాలం వచ్చిందని దాని బొచ్చు మొత్తం గొరిగించవద్దు. ఆ బొచ్చే ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. రోజూ దువ్వి రాలిన వెంట్రుకలు తీసేస్తే చాలు.

బీగిల్ పిల్లలతో బాగా కలిసిపోతుంది, గట్టి ఒళ్లు, పది కిలోల దాకా వస్తుంది. కానీ అది వేటకుక్క. వాసన తగిలిందంటే గేటు సందులోంచి దూరి కాజీపేట దాకా పోతుంది. పొద్దున సాయంత్రం చెరో అరగంట నడిపించే మనిషి ఇంట్లో ఉంటేనే దాని జోలికి వెళ్లండి. డాష్‌హండ్‌కు పొడవాటి నడుము, పొట్టి కాళ్లు. వెన్నుపూసల మధ్య డిస్క్ జారే జబ్బు ఈ జాతిలో ఎక్కువ. చంకల కింద చేతులు పెట్టి ఎత్తి నడుమును వేలాడదీసే పిల్లలున్న ఇంటికి అది తగదు. షిట్జూకు రోజూ దువ్వెన, కళ్లు తుడవడం, నెలకోసారి కటింగ్ తప్పవు. అంత తీరిక ఉన్నవాళ్లు తెచ్చుకోవచ్చు.

ఇక మన ఊరకుక్క పిల్ల. ఇది చిన్న కుక్క కాదు, పెరిగితే పదిహేను కిలోల పైనే. అయినా దాని మాట చెప్పకుండా ఉండలేను. ఈ ఎండలు, ఈ తిండి, ఈ గాలి దానికి పుట్టుకతోనే అలవాటు. ఒంటికి అతుక్కున్న పొట్టి వెంట్రుకలు, అరుదుగా జబ్బులు. వాకిలి ఉన్న సొంతింట్లో, ఆరేళ్లు దాటిన పిల్లలతో అది చక్కగా పెరుగుతుంది. డబ్బులు పెట్టి జాతి కుక్కను కొనలేక వెనకాడే వాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను, రెండో రకం సరుకు అన్న భావన నాకు అస్సలు లేదు.

కొనడానికి వెళ్లేటప్పుడు జాగ్రత్త. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. బయట మాత్రం నెల రోజుల పిల్లను చూపించి నలభై ఐదు రోజులంటారు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉన్నప్పుడే అది కొరుకుడు ఎంతలో ఆపాలో నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే పక్క పిల్ల కుయ్యిమంటుంది, ఆట ఆగిపోతుంది, అదే దానికి పాఠం. ముందే విడదీసిన పిల్ల ఆ పాఠం మీ అబ్బాయి వేళ్ల మీద నేర్చుకోవాల్సి వస్తుంది.

తల్లిని చూపించమని అడగండి. "తల్లి ఊర్ల ఉన్నది" అంటూ బైకు మీద అట్టపెట్టెలో పిల్లను తెచ్చి పెట్రోల్ బంకు దగ్గర చేతికిచ్చేవాడి దగ్గర కొనకండి. తల్లి మనుషుల్ని చూసి వణుకుతున్నా, మీదికి ఉరుకుతున్నా ఆ గుణం పిల్లల్లో దిగే అవకాశం ఎక్కువ. తల్లి నెమ్మదిగా ఉంటే నేల మీద కూర్చోండి, పిల్లల్ని పిలవకండి. పరుగున వచ్చి ఒళ్లోకి ఎగబడి కొరికే దాన్ని చూసి మురిసిపోతాం, కానీ చిన్నపిల్లల ఇంటికి అది ఎక్కువ హుషారు. మూలన నక్కి అసలు కదలనిది మరీ భయస్థురాలు. కాస్త ఆగి, వాసన చూసి, తనంతట తాను వచ్చేది మీకు కావాల్సింది. తాళం చెవుల గుత్తి కొంచెం దూరంలో కింద పడేయండి. ఉలిక్కిపడ్డా పర్వాలేదు, కాసేపటికి వచ్చి ఆ గుత్తిని వాసన చూస్తుందా లేదా అన్నదే ముఖ్యం. రేపు మీ ఇంట్లో స్టీలు గిన్నె పడ్డా, బతుకమ్మ రోజుల్లో వీధిలో డీజే మోగినా అది తట్టుకోవాలి కదా. తర్వాత ఎత్తుకుని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి ఉంచండి. కాసేపు గింజుకుని సర్దుకునేది మంచిది. పాదాలు, చెవులు పట్టుకుని చూడండి. మీ పిల్లలు పట్టుకోబోయేది వాటినే.

ఆ చేతితోనే ఒళ్లు కూడా చూసేయండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోతే రక్తం తక్కువ. ఒళ్లంతా బక్కగా ఉండి పొట్ట ఒక్కటే ఉబ్బితే పురుగులు. తోక కింద తడిగా, మురికిగా ఉంటే విరేచనాలు. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి, వాటివల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో మామూలే. పార్వో అనే జబ్బు ఇంకా మోసం. వైరస్ ఒంట్లోకి చేరిన కొన్ని రోజుల దాకా పిల్ల హుషారుగానే ఉంటుంది. ఇంటికి తెచ్చిన వారంలోపే వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. పిల్లలు దానికి పేరు పెట్టేసుకుని ఉంటారు అప్పటికి. అందుకే కొన్నరోజే, ఇంటికి పోకముందే డాక్టర్‌కు చూపించండి. మీ ఇంట్లో ఇదివరకు పార్వోతో కుక్కపిల్ల చనిపోయి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. ఆ వైరస్ గచ్చు మీద, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

ఇంటికి వచ్చాక నియమాలు కుక్కకు కాదు, ముందు పిల్లలకు పెట్టాలి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. నిలబడి ఎత్తుకోకూడదు, కింద కూర్చుంటే అదే ఒళ్లోకి వస్తుంది. ముఖంలో ముఖం పెట్టి ముద్దులు వద్దు. చిన్నపిల్లల ఎత్తుకు కుక్క నోరు సరిగ్గా ముఖం దగ్గరే ఉంటుంది, అందుకే వాళ్లకు గాట్లు పెదవి మీద, చెంప మీద పడతాయి. ఆరేళ్లలోపు పిల్లల్ని కుక్కతో ఒంటరిగా వదిలి వంటింట్లోకి వెళ్లకండి, అది ఎంత మంచి కుక్కైనా సరే. కుక్కకు ఒక మూల, ఒక చాప ఇవ్వండి, అక్కడికి వెళ్తే దాన్ని ఎవరూ కదిలించకూడదు.

కుక్క కరిచే ముందు చెబుతుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, పెదవులు నాక్కుంటుంది, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటికీ పిల్లాడు వదలకపోతే గుర్రుమంటుంది. ఆ గుర్రుకు కుక్కను కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. పిల్లాణ్ని పక్కకు తీయండి.

తిండిలో ఉల్లిగడ్డ, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కకు విషం. మన కూరల పులుసులో ఉల్లిగడ్డ లేనిది ఎక్కడ? కాబట్టి దాని అన్నంలో కూర కలపకండి. పిల్లలు బర్త్‌డే చాక్లెట్ ప్రేమగా పంచి పెడతారు, వాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. జ్వరమొచ్చిందని ఇంట్లో పారాసిటమాల్ వేయొద్దు.

ఇంజెక్షన్లు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. మూడు నాలుగు వారాల తేడాతో నాలుగు నెలలు వచ్చేదాకా డోసులు ఉంటాయి, మధ్యలో ఒకటి ఎగ్గొడితే లాభం లేదు. మూడు నెలలు నిండాక రేబీస్ టీకా, తర్వాత డాక్టర్ రాసిచ్చిన తేదీలకు బూస్టర్లు. పురుగుల మందు ఆరు నెలల వయసు దాకా నెలనెలా వేయించండి, ఆ పురుగులు మట్టిలో ఆడే పిల్లలకూ అంటుకుంటాయి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమైతే పశువుల దవాఖాన ఉంది, మొహమాటపడొద్దు.

ఇంట్లో కుక్కే కదా అని పంటిగాటును చిన్నగా చూడకండి. చర్మం చీరితే వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. కుక్కకు టీకాలు అయ్యాయని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి గానీ బిడ్డను తీసుకెళ్లండి. అక్కడ టీకా ఉచితం. వెళ్లేటప్పుడు కుక్క ఇంజెక్షన్ల పుస్తకం వెంట పెట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే.