యుద్ధవార్తలు తరగతి గదిలోకి వచ్చినప్పుడు చర్చను గౌరవంగా నడపడం ఎలా?

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు, 2023 అక్టోబరులో ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి, ఆ వెంటనే గాజాలో యుద్ధం మొదలైనప్పుడు, ఆ దృశ్యాలు ఎంతోమంది పిల్లల ఫోన్లకు నేరుగా చేరాయి. మరునాడు తరగతిలో ఎవరో ఒకరు వాటి గురించి అడుగుతారు. ఇది పాఠంలో లేదని ఉపాధ్యాయులు తోసిపుచ్చితే మాట ఆగిపోదు. పెద్దలెవరూ లేని ఆటస్థలానికో, వాట్సాప్ గ్రూపుకో తరలిపోతుంది.

చర్చ పెట్టే ముందు, ఆ యుద్ధం వల్ల ఇంట్లో ఆందోళన పడుతున్న విద్యార్థులు ఉన్నారేమో గమనించి, వారితో విడిగా మాట్లాడాలి. చర్చలో ఉండాలో వద్దో, ఉన్నా మాట్లాడాలో వద్దో వారి ఇష్టానికే వదిలేయాలి. ఏ పిల్లవాడినీ, ఏ పిల్లనూ "మీ వాళ్ల తరఫున నువ్వు చెప్పు" అని నిలబెట్టకూడదు. మిగతా నియమాలలో ఎక్కడైనా సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, ఇందులో మాత్రం కూడదని నేను గట్టిగా నమ్ముతాను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం పిల్లలకు తమ అభిప్రాయం చెప్పే హక్కును ఇచ్చింది. అది హక్కే తప్ప బాధ్యత కాదు.

చర్చ మొదలయ్యాక నల్లబల్లపై మూడు గళ్లు గీయండి: రుజువైనవి, వివాదంలో ఉన్నవి, మనకు కలిగిన భావాలు. విద్యార్థి చెప్పిన ప్రతి మాటా ఏ గడిలోకి వస్తుందో తరగతే తేల్చాలి. మృతుల సంఖ్య చెప్పినప్పుడు ఆ లెక్క ఎవరు ప్రకటించారో కూడా పక్కనే రాయించండి. "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అనే మాట స్థానంలో "ఆ సంగతి నీకు ఎక్కడ తెలిసింది?" అని అడగడం అలవాటైతే సగం వేడి చల్లారుతుంది.

ఉపాధ్యాయుల తటస్థత గురించి 1976లో పశ్చిమ జర్మనీలోని బాయ్టెల్స్‌బాఖ్‌లో విద్యావేత్తల మధ్య కుదిరిన అవగాహన నేటికీ పనికొస్తుంది: విద్యార్థిపై అభిప్రాయాన్ని రుద్దకూడదు, పండితులలోనూ రాజకీయాలలోనూ వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి, విద్యార్థి తనంతట తాను పరిస్థితిని విశ్లేషించగలగాలి. అయితే అన్నిటినీ రెండు పక్షాలుగా తూచడం తటస్థత కాదు. పౌరులను రక్షించాలని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం చెబుతున్నది కనుక, వారిని చంపడం సబబా అన్నది చర్చాంశం కాదు. ఆంక్షలు విధించాలా, శరణార్థులను ఎలా ఆదుకోవాలి వంటి ఇరుకైన విధాన ప్రశ్నలను ఎంచుకోండి.

అటువంటి ప్రశ్నకు అమెరికన్ విద్యావేత్తలు డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ రూపొందించిన పద్ధతి బాగా నప్పుతుంది. నలుగురు విద్యార్థులు రెండు జంటలుగా చెరో పక్షం వాదించి, తరువాత పక్షాలు మార్చుకుని, చివరికి రెండింటినీ వదిలి ఉమ్మడిగా ఒక ప్రకటన రాస్తారు. అవతలివారి వాదనను వారే ఒప్పుకునేంత న్యాయంగా చెప్పగలగడం ఇందులో అసలు పరీక్ష. బంధువులను పోగొట్టుకున్న విద్యార్థికి మాత్రం ఎదుటి పక్షం అప్పగించవద్దు.

ఎవరైనా ఒక జాతినో మతాన్నో దూషిస్తే చర్చను వెంటనే ఆపి, ఆ మాట ఎందుకు తగదో ప్రశాంతంగా చెప్పాలి. తరగతి ముగిశాక ముందుగా గాయపడిన విద్యార్థిని పలకరించి, ఆ తరువాతే ఆ మాట అన్నవారితో విడిగా మాట్లాడాలి.

చివరి పది నిమిషాలు వాదన ఆపించి, ఇంకా తేలని ప్రశ్న ఒకటి పేరు లేకుండా రాసిమ్మనండి. తరువాతి తరగతిని ఆ కాగితాలతోనే మొదలుపెట్టండి.